సంఘం పెద్దది, ఆఫీసు చిన్నది: అసోసియేషన్ ఉద్యోగంలో లాభమెంత, చిక్కెంత

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడాదికే గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం), అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్ అని పెద్దక్షరాల్లో వార్తలు వచ్చాయి. డాక్టర్ల సంఘం ఆఫీసులో కంప్యూటర్ చూసుకునే అమ్మాయికి, రైస్ మిల్లర్ల సంఘంలో ఏళ్ల తరబడి లెక్కలు రాస్తున్న గుమాస్తాకి, బార్ అసోసియేషన్ లైబ్రరీ తాళాలు దగ్గరుంచుకునే పెద్దాయనకి అక్కడ సహజంగా వచ్చే సందేహం ఒకటే: ఇది మాకూ వర్తిస్తుందా? జవాబు చెప్పాలంటే వాళ్ల యజమాని ఎవరో ముందు తేలాలి. అది అనుకున్నంత సులువు కాదు.

గోదావరి డెల్టాలో వృత్తికో సంఘం, వ్యాపారానికో సంఘం. డాక్టర్లు, వకీళ్లు, ఆడిటర్లు, బిల్డర్లు, మెడికల్ షాపుల వాళ్లు, లారీ ఓనర్లు, మిల్లర్లు, భీమవరం వైపు రొయ్య రైతులు, కడియం వైపు నర్సరీల వాళ్లు, అందరూ ఏదో ఒక పేరుతో కలిసి ఉన్నవాళ్లే. వీటిలో చాలా సంఘాలకు జీతం తీసుకునే మనిషే ఉండడు. సెక్రటరీ గారి ఆఫీసే సంఘం ఆఫీసు. సొంత భవనం, హాలు ఉన్నచోట మేనేజరు, అకౌంటెంటు, అటెండరు కనిపిస్తారు. బయటికది నాలుగైదు వందల మంది సభ్యుల సంఘం. జీతమిచ్చే యజమానిగా చూస్తే ముగ్గురు మనుషుల ఆఫీసు. ఈ కొలువులోని మంచీ చెడూ దాదాపు అన్నీ ఆ తేడాలోంచే పుడతాయి.

బోర్డు మీది రిజిస్ట్రేషన్ నంబరు చెప్పేదెంత

గేటు మీద రిజిస్టర్డ్ నంబరు కనబడగానే సగం ప్రభుత్వ కొలువనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇక్కడ రెండు రకాల సంస్థల్ని విడదీసి చూడాలి.

మొదటివి చట్టం పుట్టించినవి. 1961 అడ్వకేట్స్ చట్టం కింద బార్ కౌన్సిల్, 1949 చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం కింద వాళ్ల సంస్థ ఐసీఏఐ, డాక్టర్లకు మెడికల్ కౌన్సిల్. వీటిలో పేరు లేకుండా ఆ వృత్తి చేయడం కుదరదు. రెండోవి సభ్యులు తమంతట తాము పెట్టుకున్నవి. 1928లో మొదలైన ఇండియన్ మెడికల్ అసోసియేషన్ అలాంటిదే. ఐఎంఏలో చేరకపోయినా డాక్టరు ప్రాక్టీసు చేసుకోవచ్చు, కౌన్సిల్లో నమోదు లేకపోతే చేయలేడు. బార్ కౌన్సిల్‌కీ, ఊళ్లోని బార్ అసోసియేషన్‌కీ ఉన్న తేడా కూడా ఇంతే. మొదటి రకంలో పనిచేసేవాళ్లకు సాధారణంగా సర్వీసు రూల్సు, స్కేళ్లు ఉంటాయి. రెండో రకంలో ఉండేవి బైలాస్, అంటే సంఘం తనకు తాను రాసుకున్న నియమావళి. వాటిలో కార్యవర్గం గురించి పది పేజీలుంటే సిబ్బంది గురించి "అవసరమైనచో జీతముపై సిబ్బందిని నియమించుకొనవచ్చును" అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు.

ఈ రెండో రకంలో ఎక్కువ భాగం 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదైనవే. కనీసం ఏడుగురు కలిసి మెమొరాండం, బైలాస్ దాఖలు చేస్తే నంబరు వస్తుంది. పాత సంఘాలు 1860 నాటి చట్టం కింద నమోదై ఉంటాయి. కొన్ని 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం అమల్లో ఉన్నప్పుడు దాని కింద నమోదైనవి. ఆ చట్టం కార్మికులకే కాదు, యజమానుల సంఘాలకూ చోటిచ్చింది. రాష్ట్ర స్థాయి చాంబర్లలో కంపెనీల చట్టంలోని 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీలుగా నడిచేవీ ఉన్నాయి. పల్లెల్లో సొసైటీ ఉద్యోగం అనగానే గుర్తొచ్చే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం వీటిలో దేనికీ చెందదు. దాని చట్టం వేరు, అక్కడి కొలువు కథ వేరు.

ఏ రిజిస్ట్రేషనూ లేకుండా ఇద్దరి పేరున బ్యాంకు ఖాతాతో నడిచే సంఘాలూ ఉన్నాయి. అక్కడ పనిచేసే మనిషికి జీతం బాకీ పడితే నోటీసు ఎవరి పేరున పంపాలన్నదే మొదటి సమస్య.

జీతం ఏ డబ్బులోంచి వస్తుంది

లెక్క వేసి చూస్తేగాని ఈ కొలువు స్వభావం అర్థం కాదు. ఊహించి తీసుకున్న ఓ పట్టణ సంఘం: సభ్యులు 400 మంది, ఏడాది చందా ₹1,500. కాగితం మీద ఆరు లక్షలు రావాలి. అందరూ కట్టరు. 280 మంది కట్టారనుకుంటే ₹4,20,000. హాలు ఏడాదిలో 60 రోజులు రోజుకు ₹6,000 అద్దెకు పోతే ₹3,60,000. జీవిత సభ్యుల డబ్బు ₹20 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంది, 7 శాతం వడ్డీ అంటే ₹1,40,000. మొత్తం ₹9,20,000.

ఖర్చుల వైపు: మేనేజరుకు ₹22,000, అకౌంటెంటుకు ₹16,000, అటెండరుకు ₹11,000. నెలకు ₹49,000, ఏడాదికి ₹5,88,000. కరెంటు, ఇంటి పన్ను, మరమ్మతులు, ఆడిట్ ఫీజు కలిపి ₹2,40,000. మొత్తం ₹8,28,000. మిగులు ₹92,000.

ముగ్గురికీ తలా ₹2,500 పెంచితే ఏడాదికి ₹90,000. మిగిలేది రెండు వేలు. దసరాకు నెల జీతం బోనస్ ఇవ్వాలంటే ₹49,000 కావాలి. రెండూ కలిపి ఇవ్వడం ఈ పద్దులో సాధ్యం కాదు. ప్రెసిడెంటు గారు ఎంత మంచివారైనా మారని లెక్క ఇది. జీతం పెరగాలంటే చందా పెరగాలి, చందా పెంచాలంటే సర్వసభ్య సమావేశం ఒప్పుకోవాలి, ఆ సమావేశంలో చందా పెంపు అన్న మాట ఎత్తేవాళ్లకు వచ్చే ఎన్నికల్లో ఓట్లు తగ్గుతాయి.

జీవిత సభ్యత్వం దగ్గర ఇంకో మెలిక. ఏటా చందా కట్టే 280 మందిలో 100 మంది ఒక్కసారి ₹10,000 కట్టి జీవిత సభ్యులయ్యారనుకోండి. ఆ ఏడాది పది లక్షలు వచ్చాయని కోశాధికారి చప్పట్లు కొట్టించుకుంటాడు. మరుసటి ఏటి నుంచి ఆ వందమంది చందా ₹1,50,000 ఆగిపోతుంది, పది లక్షల మీద వచ్చే వడ్డీ ₹70,000. ఏటా ₹80,000 లోటు. పైన చూసిన ₹92,000 మిగులులో ₹12,000 మాత్రమే మిగిలింది. ఆ పది లక్షల్ని డిపాజిట్ చేయకుండా హాలుకు ఏసీ పెట్టిస్తే ఆ డెబ్బై వేలూ లేవు. చప్పట్లు కొట్టించుకున్న కోశాధికారి అప్పటికి మాజీ. జీతం పెంచమని అడుగుతున్న అకౌంటెంటు మాత్రం అదే కుర్చీలో ఉంటాడు.

మహాసభ జరిగే ఏడు లెక్క మారుతుంది. స్టాళ్లు, స్పాన్సర్లు, డెలిగేట్ ఫీజు, సావనీర్ ప్రకటనలు కలిపి ₹14 లక్షలు వచ్చాయనుకుందాం. చందా, హాలు అద్దెతో కలిపితే ₹21,80,000. సేవలకు జీఎస్టీ నమోదు పరిమితి ₹20 లక్షలు, మామూలు ఏడాది ₹7,80,000 దగ్గరే ఉండే సంఘం ఆ ఒక్క ఏడు గీత దాటేస్తుంది. చందా మీద జీఎస్టీ పడుతుందా అన్నది వేరే తగాదా. వర్తక, పరిశ్రమల ప్రోత్సాహం కోసం నడిచే లాభాపేక్ష లేని సంస్థలకు సభ్యుడికి ఏడాదికి ₹1,000 వరకు చందాపై మినహాయింపు ఉంది. సభ్యులకు సంఘం చేసే సేవ కూడా పన్ను కిందికే వస్తుందని 2021 ఫైనాన్స్ చట్టంతో 2017 జూలై నుంచి వర్తించేలా నిబంధన చేర్చారు. 2025 ఏప్రిల్‌లో కేరళ హైకోర్టు ఐఎంఏ కేరళ శాఖ కేసులో ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమంది. ఇక్కడి సంఘం ఏం చేయాలో ఒక్కో ఆడిటరు ఒక్కోలా చెబుతాడు. నోటీసు వచ్చినప్పుడు పాత రసీదు పుస్తకాలు వెతికి ఇవ్వాల్సింది మాత్రం అకౌంటెంటే.

పది, ఇరవై: చట్టం ఎవరిని లెక్కపెడుతుంది

సభ్యులు నాలుగు వందల మంది ఉన్నారు గనక పీఎఫ్ ఉండాలి కదా అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. చట్టం లెక్కపెట్టేది జీతం తీసుకునే మనుషుల్ని.

పీఎఫ్‌కు మామూలుగా ఇరవై మంది ఉండాలి. ఈఎస్ఐకి, గ్రాట్యుటీకి పది మంది. ఈఎస్ఐలో జీతం పరిమితి నెలకు ₹21,000. ఉద్యోగి వాటా 0.75 శాతం, యాజమాన్య వాటా 3.25 శాతం. అంటే ₹16,000 జీతానికి ₹120, ₹520. ముగ్గురున్న మన ఊహా సంఘానికి ఇవేవీ తప్పనిసరి కావు. కార్మిక కోడ్‌లు వచ్చినా ఈ అంకెలు మారలేదు. అపాయింట్‌మెంట్ లెటర్ తప్పనిసరి చేసిన వృత్తి భద్రత కోడ్ కూడా ప్రధానంగా పదిమందీ అంతకు పైనా పనిచేసే సంస్థల కోసమే. ఏడాదికే గ్రాట్యుటీ అన్నది నిర్ణీత కాలానికి రాతపూర్వక ఒప్పందం మీద చేరినవాళ్లకు, అదీ గ్రాట్యుటీ వర్తించే సంస్థలో. మిగతావాళ్లకు అయిదేళ్ల సర్వీసు నిండాలన్న నియమం అలాగే ఉంది.

కాబట్టి తగాదా అంతా లెక్క దగ్గరే. హాలు, క్యాంటీన్, గెస్ట్‌రూములు ఉన్న పెద్ద సంఘంలో ఆఫీసు సిబ్బంది ఆరుగురే అని కార్యవర్గం అంటుంది. రాత్రి వాచ్‌మన్, ఇద్దరు స్వీపర్లు, తోటమాలి, జనరేటరు చూసే మనిషి, వీళ్లను కలిపితే పదకొండు. వీళ్లకు వోచరు మీద డబ్బిస్తున్నాం గనక సిబ్బంది కారన్న వాదన తనిఖీలో నిలబడడం కష్టం. ఒకసారి పరిధిలోకి వచ్చాక తర్వాత మనుషులు తగ్గినా బాధ్యత పోదు. అందుకే తొమ్మిది దగ్గర ఆగిపోయే సంఘాలున్నాయి. పదో మనిషి పని ఆ తొమ్మిది మంది నెత్తిన పడుతుంది.

పరిధిలో ఉన్న సంఘంలో గ్రాట్యుటీ ఎంత? చివరి వేతనం ₹18,000, సర్వీసు 11 ఏళ్లు అయితే 18,000ని 15తో గుణించి 26తో భాగించాలి, వచ్చినదాన్ని 11తో గుణించాలి. ₹1,14,231. ఇక్కడ కోడ్‌లు తెచ్చిన మార్పు ఒకటి నిజంగా పనికొచ్చేది. ₹18,000లో బేసిక్ ₹7,000, ఇంటద్దె, రవాణా అలవెన్సులు ₹11,000 అని రాసి ఉంటే ఇదివరకు లెక్క ఏడు వేల మీదే. ఇప్పుడు మినహాయించే అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటిన మేర వేతనంలో కలుస్తుంది. ఏడు వేలకు రెండు వేలు కలిసి వేతనం ₹9,000 అవుతుంది.

ఉద్యోగులు, యాజమాన్యం ఇష్టపడితే చిన్న సంఘం కూడా స్వచ్ఛందంగా పీఎఫ్‌లో చేరవచ్చు. ₹15,000 వేతనం మీద యాజమాన్యం తన వాటా 12 శాతం చొప్పున కడితే మనిషికి నెలకు ₹1,800. మన పద్దులో మేనేజరుకూ అకౌంటెంటుకూ పదిహేను వేల మీదే లెక్కేసి, అటెండరుకు పదకొండు వేల మీద ₹1,320 చూస్తే నెలకు ₹4,920, ఏడాదికి ₹59,040. మిగులు ₹92,000లో పట్టే మొత్తమే. వద్దనేవాళ్లు డబ్బు గురించి మాట్లాడతారు గాని, అడ్డుపడేది ఎక్కువగా నెలనెలా రిటర్నులు, చలాన్లు ఎవరు చూస్తారన్న భయం.

ఏడాదికో సెక్రటరీ, మూడు వందల మంది బాసులు

చాలా వృత్తి సంఘాల్లో కార్యవర్గం గడువు ఒకటి రెండేళ్లు. మేనేజరు పదేళ్లుంటే ఆరేడుగురు సెక్రటరీల కింద పనిచేస్తాడు. ఒకరికి ప్రతి ఉత్తరం తన దగ్గరికి రావాలి, ఇంకొకరికి వాట్సాప్‌లో సరే అంటే చాలు. ఒకరు వద్దన్న పద్ధతినే మరుసటి ఏడు వచ్చినవారు ఎందుకు పాటించలేదని అడుగుతారు. మినిట్స్‌లోకి ఎక్కని నోటి మాటలన్నీ చివరికి ఉద్యోగి మెడకు చుట్టుకునేవే.

అధికారికంగా బాసు సెక్రటరీ. మాజీ ప్రెసిడెంట్లకు తామింకా బాసులమేనన్న నమ్మకం ఉంటుంది. చందా కట్టిన ప్రతి సభ్యుడికీ ఎంతో కొంత ఉంటుంది. "మా డబ్బుతోనే కదయ్యా నీ జీతం" అన్న మాట ఈ ఆఫీసుల్లో పాతబడదు. అది నిజం కూడా కావడం వల్ల జవాబు చెప్పడం కష్టం. సొంత పనులు చెప్పడం దీని కొనసాగింపే: రైలు టికెట్టు, పిల్లల అప్లికేషను, ఇంటి కరెంటు బిల్లు. ఒకరికి చేసి ఇంకొకరికి చేయకపోతే అది వర్గం పట్టినట్టవుతుంది.

వేళలు కూడా సభ్యుల్ని బట్టే. డాక్టర్లకు సాయంత్రం ఓపీ అయ్యేసరికి తొమ్మిది. ఆ తర్వాతే మీటింగు. శాస్త్రీయ సదస్సులు ఆదివారాలు. డాక్టర్లు అయిదేళ్లలో 30 గంటల నిరంతర వైద్య విద్య చూపించాలి, ఆడిటర్లకు ఏటా సీపీఈ (నిరంతర వృత్తి విద్య) గంటలు తప్పవు. కాబట్టి సదస్సులు ఆగవు. హాజరు పట్టీ, పాయింట్ల దరఖాస్తు, సర్టిఫికెట్ల ముద్రణ అన్నీ ఆఫీసు పనే. పేరు తప్పు పడ్డ సర్టిఫికెట్టు మళ్లీ వేయించడం గురించి సదస్సు అయిన నెలకు కూడా ఫోన్లు వస్తుంటాయి.

మిల్లర్ల సంఘానికి దాళ్వా (రెండో పంట) ధాన్యం వచ్చే ఏప్రిల్, మే నెలలు ఊపిరాడనివి. తేమ 17 శాతం దాటిందా లేదా, నూక శాతం, బ్యాంకు గ్యారంటీలు, గోనెసంచులు, లారీలు, కలెక్టరేట్‌కు వినతిపత్రాలు. అందులో డెల్టాకే ప్రత్యేకమైన ఇరకాటం ఒకటుంది. సంఘం తరఫున తేమ గురించి ఉత్తరం టైపు చేస్తున్న గుమాస్తా బాబాయి అదే వారం కళ్లంలో ధాన్యం పోసుకుని కూర్చుని ఉంటాడు. రొయ్యల వైపూ ఇంతే. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరల మీద రైతులు ఒక మాట, ఎగుమతిదారులు ఒక మాట అన్నారు. ఏ సంఘంలో పనిచేసే మనిషికైనా ఇంట్లో చెరువున్న చుట్టం ఉండకపోడు. ఆఫీసు మాటకు, ఇంటి మాటకు మధ్య నోరు కట్టుకోవడం ఈ కొలువులో రాయని నియమం.

ఎన్నికల నెల

ఈ ఉద్యోగంలో కష్టమైన నెల ఏదంటే ఓటరు జాబితా తయారయ్యే నెల. బకాయి లేని సభ్యులకే ఓటు అని బైలాస్‌లో ఉంటుంది. ఫలానా తేదీ సాయంత్రం అయిదు గంటల లోపు కట్టినవారే అర్హులు అని నోటీసు బోర్డులో పెడతారు. ఆరు దాటాక ఓ అభ్యర్థి పాతిక మంది చందా, ₹37,500, ఒకే చేత్తో పట్టుకొచ్చి రసీదులు రాయమంటాడు. రాస్తే అవతలి వర్గం ఊరుకోదు. రాయకపోతే, ఈయన గెలిస్తే?

ఇలాంటప్పుడు కాపాడేది రసీదు పుస్తకంలోని వరుస నంబరే. అయిదు గంటలకు చివరి రసీదు నంబరు రాసి, ఎన్నికల అధికారి చేత సంతకం పెట్టించిన ఆఫీసులో వెనక తేదీ వేయమనే ఒత్తిడికి చోటు తక్కువ. ఖాళీ రసీదు పుస్తకాలు రెండు మూడు బయట సభ్యుల దగ్గర తిరుగుతుంటే ఏ నంబరు ఏ రోజుదో ఎవరికీ తెలియదు. చందా ఫోన్‌పేలో వస్తే బ్యాంకు స్టేట్‌మెంటులో గంట, నిమిషం ఉంటుంది గనక ఆ గొడవ తగ్గింది. అయితే డబ్బు వేసిన నంబరు ఒకరిది, సభ్యుడు ఇంకొకడు అయినప్పుడు కొత్త గొడవ.

అసలు ప్రమాదం ఎన్నిక తర్వాత. రెండు వర్గాలూ గెలిచామంటే బ్యాంకుకు రెండు ఉత్తరాలు వెళ్తాయి, చెక్కుల మీద సంతకం మాదంటే మాదని. బ్యాంకు ఖాతా ఆపేస్తుంది. రిజిస్ట్రార్ దగ్గర దాఖలైన కార్యవర్గ జాబితా నకలు తెమ్మంటుంది. 2001 చట్టం ప్రకారం సర్వసభ్య సమావేశం జరిగిన పదిహేను రోజుల్లో ఆ జాబితా ఏటా దాఖలు చేయాలి. నాలుగైదేళ్లుగా చేయని సంఘాలకు లోటు లేదు. అప్పుడు పాతవన్నీ ఫీజుతో సరిచేసుకుంటూ రావాలి. ఈలోగా తగాదా 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకు చేరుతుంది. అన్నాళ్లూ సంఘం ఖాతాలో డబ్బుంటుంది, జీతం మాత్రం రాదు.

అడ్వాన్సు ఎవరి పేరున ఉంది

డబ్బు కాజేసే ఉద్దేశం ఎవరికీ లేకపోయినా ఉద్యోగి ఇరుక్కునే చోటు ఇది. మహాసభకు ₹50,000 అడ్వాన్సు డ్రా చేస్తారు. కన్వీనరు గారు సభ్యుడు. ఆయన పేరున రాయడం మర్యాద కాదని పుస్తకంలో మేనేజరు పేరున రాస్తారు. షామియానా, భోజనాలు, పూలదండలు, కార్లు అన్నీ కన్వీనరు చేతి మీద జరుగుతాయి. నాలుగు నెలలకు ₹38,000కి వోచర్లు వస్తాయి. మిగతా ₹12,000 అప్పటికి ఎవరికీ గుర్తుండదు. మార్చి 31న బ్యాలెన్స్ షీటులో మేనేజరు పేరు పక్కన పన్నెండు వేల బాకీ కనబడుతుంది. కొత్త కోశాధికారి అడిగేది ఆయన్నే. ఉద్యోగం మానేటప్పుడు చివరి జీతంలోంచి కోసేదీ అదే.

ఇలాంటిదే సర్క్యులర్ల మీద సంతకం. కనీస ఫీజు ఇంత, ఇంతకు తగ్గి ఎవరూ చేయకూడదు అన్న తీర్మానాలు సంఘాల్లో మామూలు. ధరలు కలిసికట్టుగా నిర్ణయించడం 2002 నాటి కాంపిటీషన్ చట్టానికి విరుద్ధం. మందుల వర్తకుల సంఘాల మీద కాంపిటీషన్ కమిషన్ ఇలాంటి కట్టడుల విషయంలో జరిమానాలు వేసింది. కిందన ఆఫీసు మేనేజరు అని సంతకం ఉన్న కాగితం, అది ఎవరు చెబితే టైపు చేసిందైనా, ముందు పట్టించేది ఆయన్నే.

ఇంత ఉన్నా ఎందుకు చేరతారు, ఎందుకు ఉండిపోతారు

సొంత ఊరు మొదటి కారణం. బీకాం చదివి అమలాపురంలోనో తణుకులోనో ఉండిపోవాలనుకునే వాళ్లకు కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగాలు ఎన్నో లేవు. హైదరాబాదులో ఇరవై అయిదు వేలు తెచ్చుకుని హాస్టలుకు పది వేలు కట్టేకన్నా ఇంటి దగ్గర పదహారు వేలు నయమన్న లెక్క తప్పేమీ కాదు.

రెండోది, సంఘం మూతపడదు. రొయ్యల ప్లాంటు ఆర్డర్లు లేక షిఫ్టు తగ్గిస్తుంది, షాపు యజమాని పోతే పిల్లలు అమ్మేస్తారు. వకీళ్లూ డాక్టర్లూ ఉన్నంతకాలం వాళ్ల సంఘం ఉంటుంది. జీతం ఆలస్యమైనా ఉద్యోగం పోవడం అరుదు. తీసేసిన అపకీర్తి ఏ కార్యవర్గమూ తన ఏడాదిలో మూటగట్టుకోవాలనుకోదు.

మూడోది నేర్చుకునే పని విస్తృతి. ఒకే మనిషి మినిట్స్ రాస్తాడు, చందాలు వసూలు చేస్తాడు, పద్దు రాసి ఆడిటరుకు అప్పజెబుతాడు, వెయ్యిమందికి భోజనాలు పురమాయిస్తాడు, ర్యాలీకి పోలీసు అనుమతి తెస్తాడు. 2024 ఆగస్టు 17న కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డాక్టరు మీద జరిగిన అత్యాచారం, హత్యకు నిరసనగా ఐఎంఏ దేశవ్యాప్తంగా 24 గంటలు సేవలు నిలిపినప్పుడు, అత్యవసర సేవలు మినహా అన్న మాట ప్రతి ఆసుపత్రికీ చేరాలి, పత్రికలకు ప్రకటన వెళ్లాలి, కలెక్టరుకు వినతిపత్రం సిద్ధం కావాలి. అలాంటి పని ఒకటి చేసి చూసిన మనిషికి ఆసుపత్రి పరిపాలనలోనో ఎగుమతి కంపెనీ ఆఫీసులోనో బెరుకుండదు.

నాలుగోది పరిచయాలు. చెప్పుకోరు గాని చాలామందిని కట్టిపడేసేది ఇదే. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే పెద్ద డాక్టరు గారు నేరుగా ఫోనెత్తుతారు. పొలం తగాదా వస్తే సలహా చెప్పే వకీలుంటాడు. తమ్ముడికి ఆడిటరు ఆఫీసులో చోటు దొరుకుతుంది. దీనికి వెల కట్టడం కష్టం. దీన్ని చూపించే జీతం తక్కువ ఇస్తారన్నదీ నిజమే.

లేనిది పైకెక్కే మెట్టు. ముగ్గురున్న ఆఫీసులో మేనేజరు రిటైరైతేగాని అకౌంటెంటు మేనేజరు కాడు. ఆ తర్వాత పైన ఉన్నది ఎన్నికైన పదవులే, వాటికి సభ్యులే అర్హులు. కొంచెం పైకి పోవాలంటే విజయవాడలోని రాష్ట్ర స్థాయి సంస్థలకు వెళ్లాలి. సొంత ఊరన్న మొదటి కారణమే అక్కడ పోతుంది. నా అంచనాలో మొదటి అయిదేళ్లు ఈ కొలువు నేర్పినంత వేగంగా ఊళ్లో మరో కొలువు నేర్పదు. ఆ తర్వాత నేర్పడం దాదాపు ఆగిపోతుంది.

సభ్యుల వైపు వాదన

సభ్యులు పిసినారులు కావడం వల్లే ఇదంతా అనుకుంటే సగమే చూసినట్టు. సెక్రటరీ, కోశాధికారి పైసా తీసుకోకుండా తమ ప్రాక్టీసు సమయం పోగొట్టుకుని పనిచేస్తారు. రాబడిలో మూడింట రెండొంతులు జీతాలకే పోతే సభ్యులకు చేసే పని ఏముంటుందన్నది వాళ్ల ప్రశ్న. మన పద్దులో జీతాలు మొత్తం రాబడిలో 64 శాతం దాకా ఉన్నాయి. చందా ఒక్కటే చూస్తే జీతాలకు అదే చాలదు. జూనియర్ వకీలుకు ₹1,500 చిన్న మొత్తమూ కాదు.

ఎదుటి వాదన: సేవగా పనిచేసే సెక్రటరీ ఏడాదికి మారతాడు, ఆయనకు పాత ఫైలు ఎక్కడుందో తెలియదు. జాబితా దాఖలు కాలేదని, పన్ను రిటర్ను తప్పిపోయిందని తెలిసేసరికి జరిమానా మేనేజరు రెండు నెలల జీతమంత ఉంటుంది. హాలు బుకింగులు పట్టించుకునే మనిషి ఉంటే ఏడాదికి 60 రోజుల బదులు 75 రోజులు పోతాయి. ఆ పదిహేను రోజులే ₹90,000. ముగ్గురికీ పెంచుదామనుకున్న మొత్తం సరిగ్గా అంతే.

రెండు వాదనల్లో ఏది బరువు తూగుతుందన్నది సంఘానికి సొంత ఆస్తి ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. హాలు లేని సంఘంలో మనిషిని పెట్టుకుని సంపాదించేది పెద్దగా ఉండదు.

ఒక జిల్లా మూడైతే

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి తూర్పు గోదావరిలోంచి కాకినాడ, కోనసీమ జిల్లాలు విడిపోయాయి. ఉమ్మడి పశ్చిమ గోదావరి ఏలూరు, భీమవరం కేంద్రాలుగా రెండయింది. జిల్లా సంఘం అన్న పేరున్నవాటికి అప్పటినుంచి కొత్త చిక్కు. కాకినాడలో భవనం, డిపాజిట్లు, నలుగురు సిబ్బంది ఉన్న ఉమ్మడి జిల్లా సంఘంలోంచి అమలాపురం వాళ్లు విడిగా రిజిస్టరు చేసుకుంటే డిపాజిట్లలో వాటా అడుగుతారు. సిబ్బంది బాధ్యతలో వాటా ఎవరూ అడగరు. పాత సంఘంలో పద్నాలుగేళ్లు చేసి, కోనసీమ తన సొంత ఊరు గనక కొత్త సంఘంలోకి మారిన గుమాస్తా సర్వీసు అక్కడ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది. పాత సంఘం గ్రాట్యుటీ పరిధిలో ఉంటే ఆ పద్నాలుగేళ్లకూ అక్కడే సెటిల్‌మెంటు తీసుకుని రావాలి, లేదా సర్వీసు కొనసాగింపుగా తీసుకుంటున్నామని, పాత బాకీ ఫలానా సంఘం భరిస్తుందని రెండు సంఘాల మినిట్స్‌లోనూ ఉండాలి. ఒక్కదాంట్లోనే ఉంటే రెండోవాళ్లు తమకు తెలియదంటారు. పాతచోట పరిధిలో లేకపోతే పద్నాలుగేళ్లకు గుర్తుగా మిగిలేది బైలాస్‌లో ఏదైనా రాసి ఉంటే అది, లేకపోతే వీడ్కోలు సభలో కప్పే శాలువా.